పొగ విస్కీకి తీపి వైన్ పీపా: ఇంట్లో ఫినిషింగ్ ఎలా చేయాలి

స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీని మొదటిసారి రుచి చూసినవాళ్లు చాలామంది "ఇదేంటి, డెట్టాల్ వాసన!" అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. కొందరు మాత్రం ఇక ఆ పొగను వదలరు. మీరు ఆ రెండో జట్టులో ఉండి, దానికి కాస్త ఎండుద్రాక్ష, తేనె, నేరేడు జామ్ లాంటి తీపి తోడైతే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే, ముందు ఒక రెడీమేడ్ సీసా కొని తాగి చూడండి. లగవూలిన్ డిస్టిలర్స్ ఎడిషన్‌ను చివర్లో పెడ్రో హిమేనెజ్ షెర్రీ పీపాల్లో పెడతారు. కల్ ఈలా డిస్టిలర్స్ ఎడిషన్‌కు మోస్కటెల్ పీపాలు వాడతారు. కిల్‌హోమన్ వాళ్లు సోటెర్న్ పీపాలతో తీసిన సీసాలున్నాయి. ఈ మూడూ తీపి వైన్లే. ఏదో ఒకటి నచ్చాకే ఇంట్లో పీపా పెట్టే ఆలోచన చేయండి. ఇది చవక సరదా కాదు.

ఫినిషింగ్ అంటే అసలు జరిగేదేమిటంటే, ఏళ్ల తరబడి బర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాలో పండిన విస్కీని చివరి కొన్ని నెలలకు వైన్ తాగి ఉన్న మరో పీపాలోకి మారుస్తారు. స్కాట్లండ్‌లోని బాల్వెనీ డిస్టిలరీలో డేవిడ్ స్టూవర్ట్ 1980లలో ఈ పద్ధతిని ఒక దారిలో పెట్టారు. 1993లో వచ్చిన బాల్వెనీ డబుల్‌వుడ్‌తో ఇది జనంలోకి వెళ్లింది. ఇప్పుడు ఫినిష్ లేని డిస్టిలరీని వెతుక్కోవాలి.

పొగ సంగతి వేరు. బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ (బురదనేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడిన మట్టి) కాలిస్తే, ఆ పొగలోని ఫినాల్స్ అనే రసాయనాలు గింజకు పడతాయి. గ్వయకోల్ కట్టెల పొగ వాసననిస్తే, క్రెసోల్స్ ఆ ఆసుపత్రి వాసననిస్తాయి. తీపి వైన్ వీటిని తీసేయదు. వాటి పదునును గుండ్రంగా చేస్తుంది, అంతే. పులుసులో బెల్లం ముక్క వేసినట్టన్నమాట. బెల్లం తెలియకూడదు, పులుపు మాత్రం సర్దుకోవాలి. ఇక్కడ చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది: పొగ ముందుండాలి, తీపి వెనక నిలబడాలి.

మొదలుపెట్టే ముందు చట్టం గురించి ఒక మాట. మనం ఇక్కడ సారా కాయడం లేదు, పన్ను కట్టి కొన్న విస్కీని పీపాలో ఉంచుతున్నాం. ఇంట్లో ఎంత మద్యం పెట్టుకోవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీరున్న చోట పరిమితి ఎంతో కనుక్కోండి. ఇలా తయారైంది అమ్మడం కుదరదు. మీ ఇంటి పీపాలోంచి వచ్చినదాన్ని స్కాచ్ అనడానికీ లేదు. స్కాచ్ అనాలంటే స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్లు పండాలి. స్నేహితులకు పోయడానికి పేరుతో పనేముంది!

మొదట సిరంజి పరీక్ష

పీపా కొనకముందే చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని వదిలేసి డబ్బు పోగొట్టుకుంటారు. మందుల షాపులో 5 మి.లీ. సిరంజి కొనండి, సూది తీసేయండి. నాలుగు గ్లాసుల్లో 50 మి.లీ. చొప్పున మీ విస్కీ పోయండి. మొదటి గ్లాసును అలాగే ఉంచండి. రెండోదాంట్లో మీరు అనుకుంటున్న తీపి వైన్ 1 మి.లీ., మూడోదాంట్లో 2, నాలుగోదాంట్లో 3 మి.లీ. వేయండి. పైన సాసర్ మూతపెట్టి పది నిమిషాలు ఆగండి. తర్వాత వాసన చూసి, ఒక్కో గుక్క తాగండి.

ఇది పీపా రుచి కాదు, చెక్క ఇచ్చేది ఇందులో ఏమీ లేదు. కానీ ఈ విస్కీకి ఈ వైన్‌తో పొసుగుతుందా లేదా అన్నది తేలిపోతుంది. 3 మి.లీ. గ్లాసులో పొగ మాయమై దగ్గు సిరప్‌లా ఉందంటే జత కుదరలేదు. 1 మి.లీ. దగ్గరే "ఆహా" అనిపిస్తే మీకు కావాల్సిన మోతాదు చాలా తక్కువని అర్థం. ఆ సంగతి కాగితం మీద రాసి పెట్టుకోండి, వైన్ ఓంపేటప్పుడు అక్కరకొస్తుంది.

విస్కీ ఎంచుకోవడం

రెండు విషయాలు చూడండి. ఒకటి, ఘాటు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న సీసా దీనికి పనికిరాదు. చెక్కలో మిగిలిన వైన్ మీ విస్కీని పలచన చేస్తుంది. మూడు లీటర్ల విస్కీలో 150 మి.లీ. వైన్ కలిసిందనుకోండి. 57 శాతం విస్కీ దాదాపు 55కి దిగుతుంది, అది ఇబ్బంది కాదు. 46 శాతం విస్కీ 44.5కి వస్తుంది, పరవాలేదు. 40 శాతం విస్కీ మాత్రం 39 కన్నా కిందికి జారి నీళ్లగా తయారవుతుంది.

రెండోది, విస్కీ ఇంతకుముందే షెర్రీ పీపాల్లో పండి ఉండకూడదు. తీపి మీద తీపి పడితే రుచి బురదబురదగా అవుతుంది. బర్బన్ పీపాలో పండిన, నిమ్మ, ఉప్పు, బూడిద రుచులున్న శుభ్రమైన విస్కీ కావాలి. ఆర్డ్‌బెగ్ 10 (46 శాతం) మంచి ఎంపిక. లఫ్రోయిగ్ 10 క్యాస్క్ స్ట్రెంత్ (నీళ్లతో పలచన చేయకుండా పీపా ఘాటుతోనే నింపినది) దొరికితే ఇంకా మేలు. మన దేశపు సీసాలను తక్కువ చేయకండి. బెంగళూరు అమృత్ వాళ్ల పీటెడ్, గోవాలో తయారయ్యే పాల్ జాన్ పీటెడ్ సెలెక్ట్ క్యాస్క్ ఇలాంటి పనికి బాగా సరిపోతాయి. ఆ రెండింటిలోనూ పొగ కింద కాస్త పండ్ల రుచి ముందే ఉంటుంది కాబట్టి వైన్ తేలిగ్గా కలిసిపోతుంది.

పొగ ఫినాల్స్ ఎంత ఉన్నాయో చెప్పే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకె చూసి మోసపోకండి. ఆర్డ్‌బెగ్ 50 పైన, లగవూలిన్ 35 అని చెప్పే లెక్కలు బార్లీ మాల్ట్‌లో కొలిచినవి, సీసాలోవి కావు. బట్టీ పెట్టేటప్పుడు కొంత పోతుంది, పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ ఇంకొంత తగ్గుతుంది. అందుకే వయసు తక్కువ పొగ విస్కీ ఫినిషింగ్‌కు ఎక్కువ తట్టుకుంటుంది. పదహారేళ్ల విస్కీని ఇలా పీపాలో పోయడం నాకైతే పాపం అనిపిస్తుంది.

వైన్ ఎంచుకోవడం

ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించాలి. ఎక్కువ తేడాలొచ్చేది ఈ దశలోనే.

సోటెర్న్ అంటే ఫ్రాన్స్‌లోని బోర్డో దక్షిణాన పండే తీపి వైన్. సిరాన్ అనే చల్లటి వాగు గరోన్ నదిలో కలిసే చోట శరదృతువులో పొద్దున్నే మంచు కమ్ముతుంది. ఆ తేమకు ద్రాక్ష మీద బోట్రైటిస్ అనే బూజు పడుతుంది, మధ్యాహ్నం ఎండ ఆ బూజు హద్దు దాటకుండా చూస్తుంది. ద్రాక్ష ముడుచుకుపోయి రసం చిక్కబడుతుంది. తేనె, ఆప్రికాట్, నారింజ తొక్క మార్మలేడ్ వాసనలు అలా వస్తాయి. ఈ పులుపు, తీపి రెండూ ఐలా పొగతో అద్భుతంగా కలుస్తాయి. నన్నడిగితే పొగ విస్కీకి ఇంతకన్నా మంచి జోడీ లేదు.

కానీ ఇంట్లో దీనితో చిక్కుంది. సోటెర్న్‌లో ఆల్కహాల్ 13, 14 శాతమే. చక్కెర లీటరుకు నూట ఇరవై గ్రాముల పైమాటే. చిన్న పీపాలో, గాలి తగిలే చోట, వారాల తరబడి ఉంచితే అది వెనిగర్ వైపు వెళ్తుంది, లేదా మళ్లీ పులియడం మొదలుపెడుతుంది. డిస్టిలరీలకు ఈ టెన్షన్ ఉండదు. ఫ్రాన్స్‌లో అప్పుడే ఖాళీ చేసిన 225 లీటర్ల పీపాలు నేరుగా వాళ్లకు వస్తాయి.

దీనికి రెండు దారులున్నాయి. తేలికైనది, ముందే స్పిరిట్ కలిపి ఘాటు పెంచిన తీపి వైన్ కొనడం. పెడ్రో హిమేనెజ్ షెర్రీ, అదే పీఎక్స్, అలాంటిదే. స్పెయిన్‌లోని ఆండలూసియాలో ద్రాక్షను ఎండలో పరిచి ఎండబెట్టి తీస్తారు, చూడటానికి నల్లటి పాకంలా ఉంటుంది. పోర్ట్, మోస్కటెల్, దక్షిణ ఫ్రాన్స్ మస్కట్ ద రివ్‌సాల్ట్ కూడా ఈ కోవలోవే. మొదటిసారి పీపా పెడుతున్నవాళ్లకు మోస్కటెల్‌నో రివ్‌సాల్ట్ మస్కట్‌నో చెబుతాను. పీఎక్స్ చెయ్యి జారితే పొగను మింగేస్తుంది.

సోటెర్నే కావాలని పట్టుబడితే రెండో దారి ఉంది. 2,700 మి.లీ. వైన్‌లో మీ 57 శాతం విస్కీ 300 మి.లీ. కలపండి. ఆల్కహాల్ 18 శాతం దగ్గరికి వస్తుంది, చెడిపోయే భయం చాలావరకు తగ్గుతుంది. పేరున్న షాటో (ద్రాక్షతోట ఎస్టేట్) సీసాలు దీనికోసం కొనకండి. అవే ద్రాక్ష రకాలతో దోర్దోన్యు ప్రాంతంలో తీసే మోంబజియాక్ చవకలో వస్తుంది, చెక్కకు పెద్ద తేడా తెలియదు.

పీపా

మూడు లీటర్లది చాలు. 750 మి.లీ. సీసాలు నాలుగు పడతాయి. పోలిక కోసం, ఆవిరైనదాన్ని నింపడం కోసం ఐదో సీసా పక్కన ఉంచుకోండి. ఒక లీటరు పీపాలు ముద్దుగా ఉంటాయి కానీ వాటిలో చెక్క రుచి పరుగెడుతుంది, అదుపు చేయడం కష్టం. మూడు లీటర్ల పీపాలోనే, 225 లీటర్ల దానితో పోలిస్తే, ప్రతి లీటరు విస్కీకి తగిలే చెక్క దాదాపు నాలుగు రెట్లు. డిస్టిలరీలో ఏడాది పట్టేది ఇంట్లో వారాల్లో అయిపోవడానికి కారణం ఇదే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు అసలైన ఓక్ పీపాలు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి. ఇక్కడ కొనేవాళ్లు జాగ్రత్త. అలంకరణ కోసం చేసిన పీపాలు చాలా తిరుగుతుంటాయి, వాటికి లోపల వార్నిషో మైనమో పూసి ఉంటుంది. మూత తీసి వాసన చూడండి. కాల్చిన చెక్క, కాస్త వెనిల్లా వాసన రావాలి. పెయింట్ షాపు వాసన వస్తే తిరిగి ఇచ్చేయండి. లోపల మీడియంగా కాల్చింది తీసుకోండి. బాగా మాడ్చిన పీపా, పొగ విస్కీ కలిస్తే నోట్లో బూడిద తప్ప ఇంకేమీ మిగలదు.

పీపాను తడపడం

కొత్త పీపా ఎండిపోయి ఉంటుంది, నింపగానే కారుతుంది. కంగారు పడొద్దు. సింకులో పెట్టి వేడినీళ్లతో నింపండి. రెండు మూడు రోజుల్లో చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. రోజూ నీళ్లు మార్చండి. మొదటి రోజు నీళ్లు టీ రంగులో వస్తాయి. ఆ పచ్చి వగరు ఇక్కడే పోవడం మనకు లాభం.

బ్లీచింగ్ వాసన వచ్చే మున్సిపాలిటీ నీళ్లు వాడకండి. క్లోరిన్, చెక్క కలిస్తే తడి అట్టపెట్టె లాంటి బూజు వాసన పుట్టే ప్రమాదం ఉంది, అది పట్టిందంటే పోదు. ఫిల్టర్ నీళ్లు కాచి పోయండి. మూడు రోజుల తర్వాత కూడా ఒకేచోట కారుతుంటే, పీపాల కోసం అమ్మే మైనం బయటివైపు రాయండి. కొళాయి చుట్టూ కారడం మామూలే. దాన్ని కాస్త లోపలికి తట్టి తిప్పితే సరిపోతుంది.

వైన్ పట్టించడం

నీళ్లు ఓంపేసిన వెంటనే వైన్ నింపండి, పీపాను ఆరనివ్వకండి. పూర్తిగా, మూత దాకా. ఖాళీ జాగా ఉంటే గాలి చేరి వైన్ చెడుతుంది. చల్లగా, చీకటిగా ఉండే చోట ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. వారానికోసారి మూత తీసి, తగ్గినంత వైన్ పోసి నింపండి. అప్పుడే వాసన కూడా చూడండి. ఎండుద్రాక్ష, తేనె, పండ్ల వాసన ఉంటే బాగుంది. గోళ్లరంగు వాసనో, వెనిగర్ ఘాటో తగిలితే వైన్ పారబోయండి. వేడినీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి, అప్పటికీ వాసన పోకపోతే ఆ పీపాను వదిలేయాలి. అలాంటిదాంట్లో విస్కీ పోస్తే విస్కీ కూడా దక్కదు.

గంధకం వత్తులు వెలిగించమని కొందరు సలహా ఇస్తారు. వైన్ పీపాలకు అది పాత పద్ధతే, విస్కీకి మాత్రం వద్దు. కాల్చిన అగ్గిపుల్ల, రబ్బరు వాసన మిగులుతుంది. పొగతో కలిసినప్పుడు అది ఇంకా అసహ్యంగా ఉంటుంది.

ఓంపడం, నింపడం

సమయం అయ్యాక వైన్ ఓంపేయండి. వాసన బాగుంటే పారేయకండి, వంటలోకి పనికొస్తుంది. పీపాను బోర్లించి ఒక రాత్రి వదిలేయండి. పీఎక్స్ వాడినవాళ్లకు ఇది తప్పనిసరి. చెక్కలో 150 మి.లీ. పీఎక్స్ మిగిలి, లీటరుకు 400 గ్రాముల చక్కెర ఉందనుకుంటే, అదంతా బయటికొస్తే మూడు లీటర్ల విస్కీలో 60 గ్రాముల చక్కెర కలుస్తుంది. అది విస్కీ అనిపించుకోదు. అంత మొత్తం రాదు కానీ, ఓంపడంలో బద్ధకిస్తే ఆ దిశగానే వెళ్తుంది. సిరంజి పరీక్షలో 1 మి.లీ. చాలనిపించినవాళ్లు చవక విస్కీ 100 మి.లీ. పోసి, అటూ ఇటూ తిప్పి, ఓంపేయండి.

మర్నాడే విస్కీ నింపండి. మూత గట్టిగా పెట్టి, పీపాను వంటింటి త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. ఎంత ఆవిరైందో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. 100 గ్రాములు తగ్గిందంటే సుమారు 110 మి.లీ. పోయినట్టు. స్కాట్లండ్ గోదాముల్లో ఏడాదికి 2 శాతం ఆవిరైతే, బెంగళూరులో అది 10 శాతం దాటుతుంది. మే నెల హైదరాబాద్‌లో చిన్న పీపా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండ తగలని గది, ఏసీ ఉన్న గదైతే ఇంకా మంచిది. గాలి మరీ పొడిగా ఉంటే పక్కన ఒక గిన్నెలో నీళ్లు పెట్టండి. గ్యాస్ పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచండి. 57 శాతం ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలని వేరే చెప్పనక్కర్లేదు.

రుచి చూడటం

మూడో రోజు నుంచే మొదలుపెట్టండి. సిరంజితో 5 మి.లీ. తీసి, అంతే నీళ్లు కలపండి. ఘాటు తగ్గితేనే తప్పులు బయటపడతాయి, డిస్టిలరీల్లో విస్కీలు కలిపే నిపుణులు కూడా నీళ్లు కలిపే వాసన చూస్తారు. పక్కన ఐదో సీసాలోని అసలు విస్కీని కూడా అలాగే కలిపి పెట్టుకోండి. పోల్చి చూడకపోతే నాలుక మోసం చేస్తుంది.

మొదటి రోజుల్లో వైన్ పైన, పొగ కింద, రెండూ విడివిడిగా తగులుతాయి. ఇది మామూలే. వారం, పది రోజులకు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. సోటెర్న్ పీపా అయితే పొగ తగ్గకుండా దాని అంచున కాల్చిన ఆప్రికాట్ వాసన వస్తుంది. పీఎక్స్ అయితే బొగ్గుల మీద కాల్చిన మాంసం, ఎండుద్రాక్ష. ఆ తర్వాత చెక్క మొదలవుతుంది. మింగాక నాలుక పక్కల్లో వగరు నిలిచిపోతే, లేదా వాసనలో పొగ కన్నా ముందు లవంగం, పచ్చి చెక్క వస్తుంటే ఆ రోజే తీసేయండి. రేపు చూద్దాం అనుకోవద్దు. రుచి చాలకపోతే మళ్లీ పీపాలో పోసుకోవచ్చు, ఎక్కువైన చెక్కను తీసేసే మార్గం లేదు. మూడు లీటర్ల పీపాలో మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వేసవిలో ఇంకా తక్కువ.

రంగును నమ్మకండి. పీఎక్స్ పీపా మూడు రోజుల్లో ఎర్రటి రంగు ఇచ్చేస్తుంది, రుచి అప్పటికి సగం కూడా రాదు.

తీశాక

కాఫీ ఫిల్టర్ కాగితంలోంచి వడకట్టి గాజు సీసాల్లో నింపండి. బొగ్గు పొడి, చెక్క తరుగు దాంట్లో ఆగిపోతాయి. వెంటనే తాగాలనిపిస్తుంది, ఒక మూడు వారాలు ఆగండి. పీపాలోంచి అప్పుడే వచ్చింది కాస్త గరుకుగా ఉంటుంది, సీసాలో సర్దుకుంటుంది. నీళ్లు కలిపి ఘాటు తగ్గించాలనుకుంటే ఒకేసారి పోయకుండా రోజుకు కొంచెం చొప్పున కలపండి.

తీపో చెక్కో ఎక్కువైతే ఆ ఐదో సీసాను తీయండి. మళ్లీ సిరంజి, గ్లాసులు పట్టుకుని, మూడు వంతుల ఫినిష్ విస్కీకి ఒక వంతు అసలు విస్కీతో మొదలుపెట్టి చూడండి. చాలాసార్లు ఇలా కలిపిందే పీపాలోంచి నేరుగా వచ్చినదాని కన్నా బాగుంటుంది.

పీపాను ఖాళీగా ఉంచకండి, నాలుగు రోజుల్లో ఎండి మళ్లీ కారుతుంది. రెండోసారి విస్కీ నింపితే చెక్క నెమ్మదిస్తుంది, ఆరు నుంచి పది వారాలు పట్టొచ్చు. నా ఉద్దేశంలో అసలైన రుచి ఈ రెండో విడతలోనే వస్తుంది. పొగ మాత్రం ఆ చెక్కను వదలదు కాబట్టి, ఇకమీదట అందులో పొగ లేని విస్కీ పోస్తే దానికీ కొంత పొగ అంటుకుంటుంది. కావాలనే అలా చేసేవాళ్లూ ఉన్నారు.